టేపు నల్లబడ్డాక

పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ అన్నదట, ఆ ఇంట్లో చదువుకుంటున్నది కోడలు కాదు, అత్తగారు అని. "డెబ్బై దాటాక ఇదేం సరదా అండీ ఆ పెద్దావిడకి! పొద్దున్న మొదలెడితే గదిలో ఓ మాస్టారు పాఠం చెబుతూనే ఉంటాడు. ఈవిడ ఊరికే వింటుందా అంటే, మధ్యమధ్యలో ఆయనతో తగువు కూడా పెట్టుకుంటుంది. పరీక్ష మాత్రం కోడలిదట!" అని మెట్ల మీద కింది వాటావాళ్ళని ఆపి మరీ చెప్పిందట. ఆ మాటని కోడలి కూతురు మోసుకొచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలోనే నిలబడి, నవ్వాపుకోలేక వంగిపోతూ చెప్పింది. కోడలు నవ్వలేదు. గోడ గడియారం పది చూపిస్తోంది. పదకొండింటికి పరీక్ష.

బల్ల మీద ఫోను, ఫోను పడిపోకుండా వెనక టీపొడి డబ్బా, పక్కన నోటుపుస్తకం, దాని పక్కన రెండు పెన్సిళ్ళు. పరీక్షంతా ఫోనులోనే, వేలితో నొక్కడమే, రాసేదేమీ లేదు. అయినా తొమ్మిదింటికి కూర్చున్న మనిషి పెన్సిళ్ళు రెండూ సూదుల్లా చెక్కింది. చెక్కాక పొట్టు పడిందని బల్ల తుడిచింది. తుడిచిన గుడ్డ మురికిగా ఉందని ఉతికి ఆరేసింది. ఆరేసి వస్తుంటే కిటికీ చువ్వల మీద దుమ్ము కనిపించింది. చదువు మొదలెట్టిన ఈ నాలుగు నెలల్లో ఆ ఇంట్లో అంటుకున్న దుమ్మంతా పాఠం వినాల్సిన వేళల్లోనే ఆమె కంటబడింది. పాఠం ఉందంటే చాలు, మసిబట్టిన గిన్నె పిలుస్తుంది, ఊడిన గుండీ పిలుస్తుంది, ఏడాదిగా పలకరించని పిన్నికి ఫోను చెయ్యాలనిపిస్తుంది. అన్నీ మంచి పనులే. ఒక్కటైనా చెడ్డ పని చేసి ఉంటే సిగ్గేసి మానుకునేదేమో. ఇల్లు అద్దంలా ఉందని మొగుడు మురిసిపోయాడు కూడా. బస్సు డ్యూటీ దిగి వచ్చి, నీ చదువు పుణ్యమా అని ఇంటికి కళొచ్చిందే అన్నాడు, అమాయకుడు. నోటుపుస్తకం తెరిస్తే మొదటి పేజీలో శీర్షిక, నీలం సిరాతో ఒక గీత, ఎర్ర సిరాతో ఒక గీత. శీర్షిక కింద మొదటి పాఠం. రెండో పేజీ నుంచి తెలుపు. బడిలో కూడా అంతే, క్లాసులో అందరికంటే ముందు పుస్తకాలకి అట్టలేసేది తనే, అట్టల అందం చూసి టీచరమ్మ నలుగురికీ చూపించేది, ఆ అట్టలు పరీక్షల నాటికి కూడా నలగకుండా ఉండేవి, లోపల కాగితాలు కూడా.

మొదటి పాఠంలో మాత్రం ఆమెని మించినవాళ్ళు లేరు. నాలుగుసార్లు చూసింది. మాస్టారి నీలం చొక్కా, ఆయన వెనక పచ్చ బోర్డు, "ఆస్పత్రిలో మీరు కనిపించరు, కానీ మీరు లేకపోతే ఆపరేషనే లేదు" అని ఆయన అన్న చోట గొంతులో వచ్చే ఆ చిన్న ఆగుడు, అన్నీ కంఠతా వచ్చు. ఆ మాట విన్న ప్రతిసారీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆపరేషను పనిముట్లు కడిగి, గుడ్డలో ప్యాకులు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టే పనిలో గడిచిన పద్నాలుగేళ్ళలో ఒక్క డాక్టరు అనలేదు ఆ మాట. రెండో పాఠం పేరు, కడగడంలో జరిగే పొరపాట్లు. అక్కడ ఆగింది. సోమవారం నుంచి చూద్దాం అనుకుంది. సోమవారం తలనొప్పి. ఒకటో తారీఖు నుంచి అనుకుంది. అలమారు తలుపుకి టైంటేబుల్ అంటించింది, గళ్ళు గీసి, ఉదయానికి పసుపు రంగు, సాయంత్రానికి ఆకుపచ్చ రంగు వేసి. ఆ రంగులు వెయ్యడానికే ఒక ఆదివారం పట్టింది.

నలభై రెండు పాఠాలు. నలభై రెండింటి పక్కనా ఇప్పుడు పచ్చటి టిక్కులు వెలుగుతున్నాయి. ఆ కిటుకు కూతురిది. దాని కాలేజీ సగం ఫోనులోనే కదా, ఆ విద్యలో అది పండిపోయింది. "అమ్మా, నువ్వు విన్నావో లేదో దానికేం తెలుస్తుందే? అది నడిస్తే చాలు. నా పాత ఫోను నీకిస్తా, పొద్దున్న పెట్టేసి వెళ్ళిపో, సాయంత్రానికి టిక్కు పడి ఉంటుంది." అలాగే పెట్టింది, అత్తగారి మంచం పక్కనున్న గూట్లో, ఛార్జరు తీగ అక్కడికే అందుతుంది కాబట్టి. పెట్టి డ్యూటీకి పోయేది. సాయంత్రం వచ్చి చూస్తే ఒక్కో రోజు ఒక టిక్కు, వారానికి మూడో నాలుగో. తీరిగ్గా ఉన్నప్పుడు అన్నీ ఒక్కసారిగా మళ్ళీ వింటాలే అనుకునేది. టిక్కు చూస్తే ఎంత నిబ్బరం! వినకపోయినా విన్నట్టే ఒళ్ళు తేలిక పడేది.

అయితే మాస్టారు పాఠం మధ్యలో ఆగిపోతాడు. మొదటి పాఠంలోనే మూడుసార్లు ఆగాడు, తనే నాలుగుసార్లు చూసింది కాబట్టి పన్నెండుసార్లు నొక్కింది. "మీరు వింటున్నారా? వింటుంటే తెర మీద ఒకసారి తాకండి" అంటాడు. తాకకపోతే కదలడు, అక్కడే ఉండిపోతాడు, టిక్కూ పడదు. ఆ సంగతి నాలుగు నెలలుగా ఆమెకి తట్టనే లేదు. ఇప్పుడు, పక్క వాటా ఆవిడ నోటి పుణ్యాన, తట్టింది. మిగిలిన నలభై ఒక్క పాఠాలు, ఒక్కోదాంట్లో మూడేసి సార్లు. ఎవరు తాకినట్టు?

కిటికీ పక్క మంచం మీద అత్తగారు గోడకి చేరగిలబడి కూర్చుంది. కళ్ళు మసకలై ఐదేళ్ళు, వెలుతురు వచ్చిన వైపు తెలుస్తుంది, మనిషి వచ్చిన వైపు తెలుస్తుంది, మొహం తెలియదు. పుస్తకాలు కుట్టే అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు కాగితాలు మడతపెట్టిన వేళ్ళు ఇప్పటికీ ఊరికే ఉండవు, దుప్పటి అంచుని మడిచి, గోటితో గీసి, విప్పి, మళ్ళీ మడుస్తుంటాయి. ఆ మడత చప్పుడే పొద్దస్తమానం, సర్‌మని, అచ్చం ఆస్పత్రి పనిలో కోడలు గుడ్డని ట్రే మీద కప్పి మూల లాగినప్పుడు వచ్చే చప్పుడు.

"అత్తయ్యా, ఆయన ఆగిపోయినప్పుడల్లా మీరే తాకేవారా?"

"తాకకపోతే నోరు మూసుకుంటాడు కదమ్మా ఆయన. మొదట్లో రెండు రోజులు తెలీక ఊరుకున్నా. తర్వాత వేలికి పట్టుబడింది." దుప్పటి అంచు మడిచి గోటితో గీసింది. "నువ్వు బయటికి పోతే ఇంట్లో నాకు తోడెవరూ లేరని పెట్టిపోతున్నావని నాకు తెలీదా ఏంటి. మనసులో అనుకున్నాలే, పిల్ల నోటితో చెప్పదుగానీ, అని."

  ఆమె తన పని నడవడానికి పెట్టింది, అది వెళ్ళి ఈవిడ ఒళ్ళో పుణ్యమై పడింది. కాదండీ, మీ కోసం కాదు అని చెబుదామా, చెప్పి ఏం కట్టుకోను, నాలుగు నెలలు ఆ మాస్టారితో తగువులాడుకుంటూ హాయిగా బతికింది మనిషి. తగువు దేనికో. "తగువెందుకు పెట్టుకునేవారు ఆయనతో?" అని అడిగింది.

"నీ గురించే. మా అమ్మాయి ఆ పని ఆయనకంటే బాగా చేస్తుందని. కత్తెర నోరు తెరిచి కడగాలి అంటాడు, పెద్ద కొత్త సంగతి చెప్పినట్టు. మా అమ్మాయి కీలు దగ్గర బ్రష్షు పెట్టి మరీ తోముతుంది, నువ్వు చెప్పేదేంటి అన్నా. నీళ్ళ పైన తోమితే తుంపర మొహాన పడుతుంది, నీళ్ళలో ముంచి తోమాలి అన్నాడు. అదీ చేస్తుందిరా నాయనా అన్నా." అత్తగారు నవ్వింది. ఆ నవ్వు నెమ్మదిగా పలచబడింది. "ఒక్క చోట మాత్రం నాకు జవాబు దొరకలేదు."

"ఎక్కడ?"

"తొమ్మిదో పాఠం. యంత్రంలోంచి తీసిన వేడి ప్యాకుని చల్లటి ఇనప బల్ల మీద పెట్టకూడదట. అడుగున చెమ్మ పడుతుందట. చెమ్మ పడిన ప్యాకు పనికిరాదట, పైకి శుభ్రంగా కనిపించినా సరే, విప్పి మొదట్నుంచీ చెయ్యాలట. నువ్వెలా చేస్తావో నాకు తెలీదు. ఎప్పుడూ చెప్పలేదుగా."

కిటికీ అవతల ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ గదిలో, తన గదిలో, ఆటోక్లేవు అనే ఆవిరి యంత్రం తలుపు తీయగానే తెల్లటి ఆవిరి మొహాన కొట్టే ఆ గదిలో, ఎడమ చేతి పక్కన స్టీలు బల్ల. పెట్టేది. రోజూ కాదు. చాలా రోజులు తలుపు వారగా తెరిచి అరగంట అలాగే వదిలేది, ఆరాక జాలీ బండి మీదికి తీసేది. కానీ పైనుంచి ఫోను మోగిన రోజులున్నాయి, సెట్టు పంపించమ్మా, పేషెంటు టేబుల్ మీద ఉన్నాడు అని అరిచిన రోజులు. ఆ రోజుల్లో తీసి స్టీలు బల్ల మీద వరసగా పేర్చేది, లోహం చల్లగా ఉంటుంది కదా, తొందరగా చల్లారుతుందని. తన తెలివికి తనే మురిసిపోయేది కూడా. కొత్తగా చేరిన ఇద్దరికి అలాగే నేర్పింది. పద్నాలుగేళ్ళలో అలాంటి రోజులెన్ని? నెలకి ఒకటి? రెండు? చేతుల వంక చూసుకుంది. ఆ చేతుల్ని ఆస్పత్రి మొత్తం నమ్మింది. ఇదిగో, దీని కోసమే కదూ రెండో పాఠం దగ్గర ఆగిపోయింది? తలనొప్పీ కాదు, దుమ్మూ కాదు, గుండీ కాదు. ఇన్నేళ్ళు చేసిన పనిలో ఎక్కడో ఒక తప్పు ఉంటుందని, ఆ మాస్టారు నీలం చొక్కా వేసుకుని నవ్వుతూ దాని మీద వేలు పెడతాడని. వినకపోతే ఆ తప్పు లేనట్టే. మూత తియ్యనంతసేపు గిన్నెలో పాలు విరగనట్టే.

పనిలో చేరిన మొదటి వారం గుర్తొచ్చింది. ఆవిరమ్మ అనేవాళ్ళందరూ అక్కడ తనకి పని నేర్పిన పెద్దావిణ్ణి, అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు, ఎప్పుడో రిటైరై వెళ్ళిపోయింది. తను కట్టిన మొట్టమొదటి ప్యాకు యంత్రంలోంచి వచ్చింది, పైన అంటించిన టేపు మీద చారలు నల్లగా తేలాయి, సంబరంగా ఎత్తి చూపించింది, అమ్మా చూడండి, నల్లబడింది, అయిపోయింది. ఆవిరమ్మ మాట్లాడకుండా ఆ ప్యాకు తీసుకుని అందరి ముందూ మూలలు ఒక్కొక్కటే విప్పింది. మధ్యలో పెట్టిన, ఆవిరి తగిలితే రంగు మారే కాగితపు స్ట్రిప్పు తెల్లగా అలాగే ఉంది. మరీ బిగించి కట్టింది, ఆవిరి లోపలికి పోలేదు. "టేపు చెప్పేది వేడి తగిలిందని. లోపల ఏం జరిగిందో టేపుకేం తెలుసు పిల్లా? కట్టిందానివి నీకే తెలీదు" అంది. తిట్టలేదు. విప్పిన గుడ్డ చేతికిచ్చి, మళ్ళీ కట్టు అంది, అంతే. ఆ రోజు ఏడుస్తూ కట్టింది. ఆ తర్వాత ఏనాడూ తన ప్యాకులో స్ట్రిప్పు తెల్లగా రాలేదు. ఫోను తెర మీద పచ్చటి టిక్కులు నలభై రెండు, ఒకదాని కింద ఒకటి, చారల్లాగా.

పది ఇరవై అయింది. పరీక్ష పేజీ అడుగున ఇంకో గడి ఉంది, తరువాతి విడతకు మారుతాను అని. అది తాకితే టిక్కులన్నీ చెరిగిపోయి పాఠాలు మొదటికి వస్తాయి, నలభై రోజుల తర్వాత పరీక్ష. ఈ లోపల ఆ గదిలో పని ఉండదు. పెద్ద సిస్టరు నెల కిందటే చెప్పింది, ఇవాళ్టికి సర్టిఫికెట్టు రానివాళ్ళు రేపట్నుంచి వరండాలు తుడిచే జాబితాలోకి పోతారు, నాకు నువ్వే కావాలి, కానీ నా చేతుల్లో లేదు అని. వేలు ఆ గడి మీదికి వెళ్ళింది. వెళ్ళాలి కదా మరి. చెమ్మ ప్యాకు పైకి పంపకూడదు కదా. నిజాయితీగా ఒప్పుకుని, అన్నీ మొదట్నుంచీ, ఈసారి నిజంగా, రోజుకి ఒక పాఠం, కొత్త నోటుపుస్తకం కొనుక్కుని, టైంటేబుల్ కొత్తగా...

టైంటేబుల్ దగ్గర వేలు గాల్లో ఆగిపోయింది. అమ్మ దొంగా! ఎంత చక్కగా ముస్తాబై వచ్చింది ఈ వాయిదా! తలనొప్పి వేషం పాతదైపోయిందని ఈసారి నిజాయితీ వేషం కట్టింది. ఇదీ సోమవారమే. నలభై రోజుల అవతల కూర్చున్న సోమవారం. నలభై రోజులూ వరండాలు తుడిచి, తుడిచినందుకు తన మీద తనకే జాలేసి, ఆ జాలిలో రోజులు గడిచిపోయి, ముప్ఫై తొమ్మిదో రోజున మళ్ళీ ఇదే బల్ల, ఇవే చెక్కిన పెన్సిళ్ళు. అక్కడ రేపు పొద్దున్న ఇంకెవరో, తను నేర్పిన ఆ ఇద్దరిలో ఒకతె, వేడి ప్యాకులు తీసి స్టీలు బల్ల మీద వరసగా పేరుస్తూ ఉంటుంది, అక్క నేర్పినట్టే. వేలు వెనక్కి లాక్కుంది. ఆ గది రేపటికి కావాలి. పేరు కోసం కాదు, ఆ బల్ల కోసం.

ఫోను ఒకసారి వణికింది. పనివాళ్ళ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు, నిన్న రాసినవాళ్ళకి వచ్చిన ప్రశ్నలూ జవాబులూ, కింద దణ్ణం బొమ్మలు. కూతురు భుజం మీదుగా తొంగి చూసింది. "అమ్మా, బంగారం! వాటిని పెద్ద అక్షరాల్లో రాసి డబ్బాకి అంటిస్తా. కెమెరా నీ మొహమే చూస్తుంది, డబ్బాని చూడదుగా." ఆమె ఆ ఫోటోని తెరవకుండానే వేలితో నొక్కి పట్టి చెరిపేసింది. అబద్ధం ఎందుకు, చేతికొచ్చిన అన్నం పళ్ళెం తోసేసినట్టే ఉంది. 

పరీక్షలో వచ్చే ప్రశ్నల కంటే పెద్ద ప్రశ్న ఆ మంచం మీద దుప్పటి మడుస్తూ కూర్చుని ఉంది. పీట లాక్కుని మంచం పక్కకి జరిగింది. నోటుపుస్తకం రెండో పేజీ తెరిచింది, తెల్లగా, నాలుగు నెలలుగా కాచుకుని ఉన్న పేజీ.

"అత్తయ్యా, మీరు విన్నదంతా నాకు చెప్పండి. తొమ్మిదో పాఠం నుంచి. ఎలా చెయ్యాలో వద్దు, అది నా చేతులకి తెలుసు. ఎందుకో చెప్పండి."

"ఏంటీ, నువ్వు వినలేదా?"

"వినలేదు."

ముసలావిడ వేళ్ళు దుప్పటి మీద ఆగాయి. మొట్టమొదటిసారి ఆ గదిలో మడత చప్పుడు లేదు. ఆమె తల దించుకుంది, కనిపించదని తెలిసీ. ఇప్పుడు అడుగుతుంది, మరి ఎవరి కోసం పెట్టావని. అడిగితే చెప్పేస్తుంది. కానీ అత్తగారు గొంతు సవరించుకుని, మాస్టారి గొంతులోనే, ఆయన ఆగే చోట ఆగుతూ మొదలుపెట్టింది.

"ప్యాకులు పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి, మధ్యలో వేలు దూరేంత సందు. ఎందుకంటే ఆవిరికి దారి కావాలి. ముందు లోపలున్న గాలి బయటికి పోవాలి, గాలి కూర్చున్న చోట ఆవిరి కూర్చోదు. మరీ బిగించి కడితే గాలి అక్కడే ఉండిపోతుంది..." ఆమె పెన్సిలు పరిగెత్తింది. గాలి కూర్చున్న చోట. పద్నాలుగేళ్ళుగా సందులిచ్చి పేరుస్తోంది, ఎందుకో ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. ఆవిరమ్మ విప్పిన ప్యాకు లోపల ఆ స్ట్రిప్పు తెల్లగా ఎందుకుండిపోయిందో ఇవాళ, పరీక్షకి అరగంట ముందు, కళ్ళు సరిగా కనిపించని మనిషి చెబితే తెలిసింది. వేడి ప్యాకు చుట్టూ ఉన్న ఆవిరి చల్లటి లోహం తగలగానే నీళ్ళవుతుంది, తడి గుడ్డ క్రిములకి వంతెన. వంతెన అన్నాడా ఆయన? వంతెన అనే అన్నాడు, నాకు బాగా గుర్తు, ముప్ఫై ఏళ్ళు పుస్తకాలు మడిచానుగానీ ఒక్క ముక్క చదివింది లేదు, ఈ ముసలితనంలో ఒక్క పుస్తకం పూర్తిగా విన్నా, మర్చిపోతానా. వారానికోసారి యంత్రంలో క్రిముల సీసా పెట్టి అవి చచ్చాయో లేదో పరీక్ష చెయ్యాలి, అదెందుకంటే, అదేమిటంటే, ఆగండత్తయ్యా, నెమ్మదిగా, ఆ ముక్క మళ్ళీ చెప్పండి. ఆయనైతే తాకితే గానీ చెప్పడు, నేను ఊరికే చెబుతున్నా, రాసుకో. నీలం సిరా లేదు, ఎర్ర సిరా లేదు, గీతల కింద గీతలు లేవు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, పెన్సిలు మొన విరిగింది, రెండోది అందుకుంది. రెండు చెక్కడం మంచిదే అయింది.

అన్నీ కాలేదు. నలభై రెండులో పదమూడు అయ్యాయి, హడావిడిగా, సగం సగం. గడియారం చూస్తే పది యాభై ఎనిమిది. పరీక్ష రాసే గదిలో ఇంకో మనిషి ఉండకూడదని నియమం. కూతురు నానమ్మ చెయ్యి పట్టుకుని వసారాలో కుర్చీ వైపు నడిపించింది; ముసలావిడ గడప దాటుతూ, క్రిముల సీసా సంగతి మర్చిపోకు, రంగు మారితే తప్పు జరిగినట్టు అని గొణుగుతూనే ఉంది. ఆమె నోటుపుస్తకం మూసి అలమారులో పెట్టి తలుపు వేసింది. టైంటేబుల్ ఎదురుగా కనిపించింది, పసుపూ ఆకుపచ్చా. దాన్ని చింపలేదు, చింపడానికి కూడా ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషం ఇప్పుడు లేదు. కూర్చుంది. ఫోను తెరలో తన మొహం తనకే కనిపించింది, చెంప మీద పెన్సిలు మసి. తుడుచుకోబోయి మానేసింది. మొదలుపెట్టు అన్న గడి వెలుగుతోంది. ఆటోక్లేవు తలుపు తీసే ముందు లోపల ఒత్తిడి సున్నాకి దిగిందో లేదో ముల్లు చూసుకునే ఆ క్షణంలాగే ఉంది. తియ్యాలి, ఎవరో ఒకరు తియ్యాలి, తీస్తేగానీ తెలియదు.

వేలు పెట్టింది. మొదటి ప్రశ్న వచ్చింది. మొదటి పాఠంలోది కాదు.

తలుపు సందులోంచి కూతురు మొహం సగం కనిపించింది. ఇందాకటి నవ్వు ఎక్కడికి పోయిందో. "అమ్మా, తప్పితే ఏం చేస్తావే?"

"విప్పుతా, కడుగుతా, మళ్ళీ కడతా. తలుపెయ్యి."